మూడు వేళ్ళు లేని చేతికి

శేషయ్య బాబాయి పోయాడని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నరసరావుపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, పచ్చడికి తెచ్చిన పండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. "వయసయింది గదక్కా. నాలుగు రోజుల్నించి ఆయాసం. పొద్దున కాఫీ తాగి అట్టాగే వాలిపోయాడంట," అన్నాడు వాడు. వాడికి శేషయ్య అంటే ఊళ్ళో ఒక ముసలాయన, అంతే. ఆ సంగతులు జరిగేటప్పటికి వాడు పలక పట్టుకుని బడికి పోయే పిల్లవాడు. నేను ఆలోచించకుండా, "కుడి చెయ్యి ఎట్టా ఉంది?" అని అడిగాను. "చెయ్యేందక్కా? మనిషి పోయాడంటుంటే," అన్నాడు. ఏం లేదులే అని పెట్టేశాను. వేళ్ళు మంట పుడుతున్నా కడుక్కోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఈ ఊళ్ళోనే ఇరవై ఎనిమిదేళ్ళు బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. తీరిక దొరికినప్పుడల్లా కథలు రాశాను. వాటిల్లో మా కొలిమి ఉంది, మా నాయనమ్మ ఉంది, మా ఊరి మిరపతోటలున్నాయి. శేషయ్య బాబాయి చెయ్యి మాత్రం లేదు. ఆ చేతికి సరిపోయేలా ఒక కత్తికి పిడి చేసింది నేను. ఆ కత్తితో ఆయన నా స్నేహితురాలు పద్మ వాళ్ళ నాన్నను చంపాడు. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు. పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా, ఆయన పోయేదాకా చెప్పలేదు.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే దారికి లోపలగా, నాపరాతి క్వారీల పక్కన ఉంటుంది. ఇళ్ళ గోడలు, గొడ్లచావిడి నేల, చేల చుట్టూ కంచె, అన్నీ నాపరాయే. ఊరి చివర మా కొలిమి. తెల్లవారేసరికి మా నాన్న బ్రహ్మయ్య బొగ్గులు రాజేసేవాడు. నాయనమ్మ నోట్లో పొగాకు కాడ పెట్టుకుని గాలి కొట్టటానికి కూర్చునేది. తోలుతిత్తి పోయి చేత్తో తిప్పే ఇనుప ఫ్యాను వచ్చి ఏళ్ళయినా ఆమె దాన్ని తిత్తి అనే పిలిచేది, అలిగినట్టు ఆగిపోతే దానితోనే మాట్లాడేది. మా ఇంట్లో అన్నం కూడా కొలిమి వాసనే వచ్చేది. బొగ్గుపొగ, ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ళలో ముంచినప్పుడు లేచే ఆవిరి, లక్క కరిగే తియ్యటి వాసన, వీటి మధ్యనే చద్దన్నం, గోంగూర పచ్చడి. అమ్మ, తమ్ముడి పురిట్లో పోయింది. ఇంటినీ కొలిమినీ కూడా నాయనమ్మే నడిపేది. నాన్న దెబ్బ వేసేవాడు, ఎక్కడ వెయ్యాలో ఆమె చెప్పేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు సమ్మెట దెబ్బకు ఎగిరిన ఇనుప పెచ్చు నాన్న ఎడమకంట్లో దిగింది. కేక పెట్టలేదు. చేతిలో ఉన్న పట్టకారు నెమ్మదిగా కింద పెట్టి, "అమ్మా, చూడు," అన్నాడు. కన్ను పోయింది. ఒంటికన్నుతో ఇనుము సాగదియ్యగలిగాడు గాని, సన్నపని, ముఖ్యంగా పిడి పని, చెయ్యలేకపోయాడు. అది నాకొచ్చింది. పదో తరగతి అయ్యాక బడి మానిపించారు, రోజంతా అదే పని. మిరపతోటలో కలుపు తీసే ఆడవాళ్ళ కొడవళ్ళకు సన్నటి పిడి, చొప్ప కోసేవాళ్ళకు లావుపిడి, వంటకత్తికి పొట్టిపిడి. ఎవరొచ్చినా ముందు చెయ్యి చూపించమనేదాన్ని. "కత్తిని చూడమాక, చేతిని చూడు," అని నాన్న నేర్పాడు. ఊళ్ళో ఎవరి అరచెయ్యి ఎంత వెడల్పో, ఎవరికి బొటనవేలు బిరుసో, ఎవరికి చెమట ఎక్కువో నాకు తెలుసు. పదిహేడేళ్ళకు ఆ పనిలో నన్ను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని అప్పట్లో గర్వమని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ఊళ్ళో రెండు పార్టీలు. ప్రెసిడెంటు పదవి కోసం మొదలైన గొడవ, కాలవ నీళ్ళ దగ్గరకు, పెళ్ళిపిలుపుల దగ్గరకు, చివరికి చావుకు వెళ్ళాలా వద్దా అనే దాకా పాకింది. ఒక పక్క పుల్లయ్య, అంటే పద్మ వాళ్ళ నాన్న. ఇంకో పక్క శేషయ్య బాబాయి వాళ్ళ అన్న. వాళ్ళు మాకు బంధువులు కారు, మామ, బాబాయి అనేవి ఊరి వరసన పిలుపులే. పుల్లయ్య మామ మా ఇంటికి మొదటికోత మిరపకాయలు పంపేవాడు, నేను వెళితే పద్మతో పాటు నాకూ మజ్జిగ పోయించేవాడు. ఆ మనిషే ఒక మధ్యాహ్నం పదిమందిని వెంటబెట్టుకుని బస్టాపు దగ్గర కాపు కాశాడు. మాచర్ల బస్సు ఆగింది. అన్నదమ్ములిద్దరూ దిగారు. బస్సులో జనం చూస్తుండగానే అన్నను నరికారు. ఆయన టీకొట్టు బల్ల కిందికి దూరితే కాళ్ళు పట్టి బయటకు లాగి మళ్ళీ నరికారు. శేషయ్య బాబాయి మెడ మీదికి వచ్చిన దెబ్బకు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు, వాటి కింద అరచేతి అంచు తెగి రోడ్డు మీద పడ్డాయి. ఎవరో ఆ మూడు వేళ్ళను రుమాల్లో చుట్టి ఆయన వెంట గుంటూరు పంపించారు. అక్కడికి చేరేసరికే అవి నల్లబడ్డాయంట. నాయనమ్మ బిందె నీళ్ళు తీసుకెళ్ళి టీకొట్టు ముందు కడిగి వచ్చింది. "కుక్కలు చేరుతున్నయ్యే," అని ఊరుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

కేసు నడిచింది. బస్సు నిండా ఉన్న జనంలో చూశామని చెప్పినవాడు ఒక్కడూ లేడు. పుల్లయ్య బయటికొచ్చి మిరపతోట వేసుకున్నాడు. ఆ ఏడాది చలి మొదలయ్యాక ఒక పొద్దున శేషయ్య బాబాయి గోనెసంచితో మా కొలిమికి వచ్చాడు. సంచిలోంచి లారీ కమాను పట్టీ ముక్క తీసి దాగలి మీద పెట్టాడు. దాగలి అంటే మేము ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. ఆ చప్పుడుకు నాయనమ్మ ఫ్యాను తిప్పటం ఆపింది.

"ఆచారీ, దీన్ని మూరెడు కత్తి చెయ్యి."

నాన్న చాలాసేపు ఆ ఇనుము వంకే చూశాడు. కాదంటే ఏమవుతుందో తెలుసు, ఔనంటే ఏమవుతుందో తెలుసు. చివరికి, "మీరు పట్టుకోలేరు గదండీ," అన్నాడు. "ఎడమ చేతికయితే చెప్పండి. పిడి మామూలుగా వేస్తాం."

"నరికింది కుడి చెయ్యి. లేచేది కూడా అదే," అన్నాడు శేషయ్య బాబాయి. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "ఏం అమ్మాయ్, ఈ చేతికి పిడి కుదురుద్దా?"

బొటనవేలు, చూపుడువేలు, వాటి పక్కన సగం అరచెయ్యి, దాని అంచున ఎర్రగా మెరుస్తున్న మచ్చ. ఎండ్రకాయ చెయ్యిలా ఉంది. మరుక్షణం నా కళ్ళు వేరే లెక్క వేసుకోవటం మొదలుపెట్టాయి. బొటనవేలి కండ బాగానే ఉంది. మణికట్టులో బలం ఉంది. బరువంతా అరచేతి మడమ మీదికి తెస్తే నిలబడుతుంది. "కుదురుద్ది బాబాయ్," అన్నాను. నాన్న ఒంటికన్ను నా మీద పడింది. నేను అటు చూడలేదు.

ఆ కత్తి ఎవరి కోసమో అక్కడున్న నలుగురిలో తెలియనివాళ్ళు లేరు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చిన్నపిల్లనని, ఏమీ తెలియదని సర్దిచెప్పుకున్నాను. తెలుసు. పని మొదలుపెట్టిన గంటకే ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టేశాను, అంతే.

పదకొండు రోజులు చేశాను. మొదటి రోజు నల్లరేగడి మట్టి ముద్ద పిసికి ఆయన చేతికిచ్చి, గట్టిగా పట్టుకోమన్నాను. పట్టుకుంటే మచ్చ పగిలి రక్తం చిమ్మింది. ఆయన వదల్లేదు. "ఇంకా నొక్కాల్నా?" అన్నాడు. నొక్కమన్నాను. ఆ ముద్దను నీడన ఆరబెట్టి ఎదురుగా పెట్టుకున్నాను. మా తాత ఎప్పుడో అటక మీద దాచిన చింతచేవ ముక్క ఒకటి ఉంది. చెట్టు నడిమి నల్లటి గట్టిచెక్క, రంపానికి కూడా లొంగేది కాదు. దాన్ని బాడిసతో చెక్కి, ఆకురాయితో అరగదీసి, నాలుగో రోజుకు ఒక రూపు తెచ్చాను. ఆయన వచ్చి పట్టుకుని విసిరాడు. అది చేతిలో గిర్రున తిరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టాను. అయిదు వేళ్ళు చేసే పని రెండు వేళ్ళూ అరచెయ్యీ పంచుకోవాలి. కాబట్టి అరచేతి గుంటలో కూర్చునే ఉబ్బు ఒకటి, వెనక మణికట్టు దగ్గర మడమకు తగిలి ఆగేలా చిలకముక్కు లాంటి వంపు ఒకటి, చూపుడువేలు దూరి పడుకునే పల్లం ఒకటి. పొట్టిగా, లావుగా, వంకరగా, చూడటానికి వికారంగా ఉండేది. ఆయన చేతిలోకి వెళితే మాత్రం తెగిన భాగం తిరిగి మొలిచినట్టు ఉండేది.

ఆయన రోజూ వచ్చేవాడు. పని చేస్తుంటే మాట్లాడేవాడు. "మీ పిన్ని అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టుద్ది. లుంగీ ముడి ఆమే ఎయ్యాల. చిన్నదానికి జడేస్తానని కూర్చుంటే వేళ్ళు లేవని గుర్తొచ్చింది," అనేవాడు. అదే గొంతుతో పుల్లయ్యను ఎక్కడ నరుకుతాడో చెప్పేవాడు. మొదటి దెబ్బ చేతి మీద కాదంట, మెడ మీదే. చెయ్యి తీస్తే మనిషి బతుకుతాడు, బతికితే మళ్ళీ వస్తాడు, తన సంగతే చూడమనేవాడు. నేను తల ఎత్తకుండా వినేదాన్ని. గాజుపెంకుతో గీకుతుంటే చింతచేవ మీద నుంచి సన్నటి నల్ల పొరలు లేచేవి. ఆ పొరల్లోనే నా ధ్యాసంతా ఉండేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పద్మ వచ్చింది. మేమిద్దరం ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. పని లేనప్పుడు వచ్చి మా అరుగు మీద కూర్చోవటం ఆమెకు అలవాటు. అప్పుడు నేను పారిజాతం ఆకులతో పిడి రుద్దుతున్నాను. ఆ ఆకు గరుకుగా ఉంటుంది, ఉప్పుకాగితం తర్వాత దానితో రుద్దితే చెక్క అద్దంలా వస్తుంది. పద్మ పిడి అందుకుని అటూ ఇటూ తిప్పి, "ఏందే ఇది, ఏ చేతికీ పట్టేట్టు లేదు," అంది.

"మాచర్లలో ఎవరికో మిల్లులో వేళ్ళు పోయినయ్యంట. కొబ్బరికాయలు కొట్టుకోటానికి," అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"పాపం," అంది. తనూ ఒక ఆకు తీసుకుంది. నేను ఒక పక్క, తను ఒక పక్క పట్టుకుని గంటసేపు రుద్దాం. మధ్యలో పిడిని చెంపకు ఆనించుకుని, "చల్లగా ఉందే," అంది. వాళ్ళ నాన్నను చంపటానికి తయారవుతున్న కత్తి పిడి అది. నేను ఇంకో ఆకు తీసుకుని నా పక్క రుద్దాను.

పదో రోజు కత్తి తోకను ఎర్రగా కాల్చి పిడిలోకి దింపి, లక్క పోశాం. పిడి పగలకుండా దాని మొదలుకు ఇత్తడి పొన్ను తొడిగాను. ఇక పిడినీ తోకనూ కలిపి బిగించే చీలలు కొట్టటమే మిగిలింది. నాన్న కొలిమి వదిలి చేల వైపు వెళ్ళిపోయాడు. నాయనమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"చీల కొట్టమాక," అంది.

"కొట్టకపోతే ఊడుద్ది గదే."

"ఊడాలనే చెప్తన్నా. లక్కతో వదిలెయ్. చూస్తానికి గట్టిగానే ఉంటది. గట్టిగా ఒక దెబ్బ పడితే కత్తి జారుద్ది. ఎవుడూ చావడు. ముసలిదాన్ని, నాకు కనపడలా, నేనే మర్చిపోయానని చెప్తా."

"బాబాయిని చంపేస్తారు గదే అప్పుడు," అన్నాను. ఆ మాట నిజమే. కత్తి జారితే పుల్లయ్య మనుషులు ఆయన్ను అక్కడే ముక్కలు చేస్తారు. ఏ చీల కొట్టినా, కొట్టకపోయినా, ఎవరో ఒకరు పోతారు. కాని నేను చీలలు కొట్టింది ఆయన ప్రాణం కోసం కాదు. పదకొండు రోజుల పని అది. నా చేతుల్లోంచి అంత బాగా వచ్చినది అంతకుముందు లేదు, తర్వాత కూడా లేదు. దాన్ని వదులుగా వదిలెయ్యటం నా వల్ల కాలేదు. మామూలుగా ఒక చీల చాలు. రెండు కొట్టాను. తలలు అరగదీసి, వేలితో తడిమితే తెలియకుండా చేశాను. నాయనమ్మ లేచి లోపలికి పోయింది. నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

అవిసెనూనె పట్టించి మరుసటి రోజు ఇచ్చాను. ఆయన పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి దించాడు. వాకిట్లో ఉన్న తుమ్మమొద్దు మీద కొట్టాడు. కత్తి నాలుగు వేళ్ళ లోతు దిగింది, పిడి రవ్వంత కదల్లేదు. లాగి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆయన ఏడుస్తున్నాడు. "అమ్మాయ్, ఏడాదయింది ఈ చేత్తో ఏదయినా పట్టుకుని," అన్నాడు. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తర్వాత నెలరోజులు ఏమీ జరగలేదు. ఆ నెలలో పద్మ పదిసార్లు మా ఇంటికి వచ్చి ఉంటుంది. చెప్పొచ్చు. మీ నాన్నను ఒంటరిగా తిరగొద్దనమని ఒక్కమాట అనొచ్చు. అంటే ఆ పిడి సంగతి చెప్పాలి, నాన్న పేరు బయటికొస్తుంది. ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ గడిపాను. బహుశా శేషయ్య బాబాయికి కోపం చల్లారిందేమో అనుకున్నాను. నిజానికి చల్లారింది ఆయన కోపం కాదు, నా భయం.

మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. రంగు పోయిన తాలుకాయలు ఏరటానికి మనుషులు చాలటం లేదు, రమ్మని పద్మ పిలిస్తే వెళ్ళాను. పొద్దు బాగా ఎక్కింది. ఎకరం మేర ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. మూతులకు గుడ్డలు కట్టుకుని ఇరవై మంది ఆడవాళ్ళం ఏరుతున్నాం. పుల్లయ్య మామ తలపాగా చుట్టుకుని, చీపురుకట్టతో కాయలు తిరగేస్తూ మధ్యలో నిలబడి ఉన్నాడు. శేషయ్య బాబాయి గట్టు దిగి కాయల మీదుగా నడిచి వచ్చాడు. పరిగెత్తలేదు. ఎండుకాయలు కాళ్ళ కింద పెళపెళమన్నాయి. ఆ చప్పుడుకే పుల్లయ్య మామ వెనక్కి తిరిగాడు.

మొదటి దెబ్బ ఆయన చెప్పినట్టే మెడ మీద పడింది. పుల్లయ్య మామ చీపురుకట్ట పట్టుకునే కూలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టాడు, రెండో దెబ్బకు ఆ చెయ్యి మోచేతి దగ్గర వేలాడింది. పద్మ వాళ్ళ నాన్న మీదికి ఉరికితే ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు. జనం పరుగులకు మిరపదుమ్ము లేచి అందరికీ దగ్గు, కళ్ళ మంట, ఎవరు అరుస్తున్నారో ఎవరు దగ్గుతున్నారో తెలియదు. ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్క లేదు. మిరపకాయల మీద రక్తం కనపడలేదు. తడి మాత్రం పాకుతూ వచ్చింది. అంతసేపూ నేను కదలకుండా నిలబడి, పుల్లయ్య మామను కాదు, శేషయ్య బాబాయి చేతినే చూస్తున్నాను. రక్తంతో తడిసింది. అయినా పిడి జారటం లేదు. ప్రతి దెబ్బకూ అది అరచేతిలో ఒకే చోట నిలబడుతోంది. ఆ సంగతి గమనించాను. గమనించినందుకే ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆయన ఆ కత్తి పట్టుకునే గురజాల స్టేషనుకు నడిచిపోయి లొంగిపోయాడు. మళ్ళీ ఊరికి వచ్చింది శిక్ష పూర్తయ్యాకే. ఆ రోజే పుల్లయ్య మనుషులు ఆయన గడ్డివాములు తగలబెట్టారు, గేదెల కాళ్ళు నరికారు. సాయంత్రానికి మా కొలిమి మీద పడ్డారు. ఫ్యాను పగలగొట్టి, నాన్నను దాగలికి కట్టేసి కొట్టారు. అడ్డం వెళ్ళిన నాయనమ్మను తోస్తే తుంటి విరిగింది. ఆమె మళ్ళీ లేచి నడవలేదు. మర్నాడు పోలీసులొచ్చి నాన్నను తీసుకుపోయారు. కత్తి చేసినవాడికి హత్య సంగతి తెలియదా అని మూడు రోజులు అరికాళ్ళ మీద కొట్టారు. పిడి కూడా తనే చేశానన్నాడు. ఒంటికన్నువాడివి ఇంత సన్నపని ఎట్లా చేశావని అడిగితే, చేశానన్నాడు. ఇంటికొచ్చాక మడమల మీద నడిచేవాడు. నాతో ఒక్కమాటే అన్నాడు: "ఇంక ఆకురాయి ముట్టుకోమాక." వారం తిరక్కుండానే నన్ను నరసరావుపేటలో మా మేనత్త ఇంటికి పంపించేశాడు. ఆమె నన్ను కాలేజీలో వేసింది. నా చదువు, ఉద్యోగం, నేను రాసిన కథలు, అన్నీ ఆ కల్లంలోంచే వచ్చాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నోరు చేదవుతుంది.

ఇప్పుడు నా వంటింట్లో ఉన్నవి ప్లాస్టిక్ పిడి కత్తులు. అన్నీ ఒకే అచ్చులో పోసినవి, ఏ చేతికీ సరిపోవు, ఏ చేతినీ బాధ పెట్టవు. ఊళ్ళో కొలిమి స్థలంలో మా తమ్ముడు వెల్డింగ్ షాపు పెట్టాడు. పార్టీలు పేర్లు మార్చుకున్నాయి గాని గొడవలు అలాగే ఉన్నాయి. పోయిన ఎన్నికలప్పుడు కర్రలతో ఒకతన్ని కొడుతున్న వీడియో నా ఫోనుకు కూడా వచ్చింది, కింద ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. అప్పుడు మనుషులు మంచివాళ్ళని నేను అనను. బస్సు నిండా జనం చూసి చూడలేదన్నారు. తేడా అల్లా, అప్పుడు చంపేవాడికీ చచ్చేవాడికీ మధ్య మాలాంటి వాళ్ళ చేతులు ఉండేవి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కాదనటానికి వీలుండేది. నాకు పదకొండు రోజులు వీలుంది.

శేషయ్య బాబాయి పోయిన పదో రోజున మాచర్ల బస్సెక్కాను. పద్మ అక్కడ కొడుకు దగ్గర ఉంటుంది, బజారు వెనక సందులో, కింద ఎరువుల కొట్టు, పైన ఇల్లు. ఈ నలభై ఏళ్ళలో పెళ్ళిళ్ళలో రెండు మూడుసార్లు ఎదురుపడ్డాం. ఆమె పలకరించేది, నేనే జరిగిపోయేదాన్ని. తలుపు తీసి నన్ను చూసి, "ఆయన పోయాడని వచ్చావా?" అంది. జుట్టంతా తెల్లబడింది. కూర్చోమంది. కూర్చున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "ఆ పిడి," అన్నాను.

"తెలుసు," అంది. "కోర్టులో నా చేతికిచ్చి గుర్తుపట్టమన్నారు. చేతిలోకి రాగానే తెలిసింది. ఎవరు చేశారో తెలుసా అని ప్లీడరు అడిగాడు. తెలవదన్నా."

"ఎందుకని?"

"నీ పేరు చెబితే మావోళ్ళు నీ చేతులు నరికేవోళ్ళు. నీ మీద జాలిపడి కాదు. అప్పటికి చూసింది చాలనిపించింది." తన అరచెయ్యి వంక చూసుకుంది. "పైగా నేను కూడా రుద్దాను గదే. ఒక పక్క నేను రుద్దిందే."

కొట్లోంచి మందుల ఘాటు పైకి వస్తోంది. కింద ఎవరో ఆమె కొడుకుతో బేరమాడుతున్నారు. క్షమించమని అడగటానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది అడగమాక. నా దగ్గర లేదు. మా నాన్న కూడా మనిషిని చంపినోడే, అది నాకు తెలుసు. అయినా మా నాన్నే. నువ్వు చెప్పటానికి వచ్చావు గదా, చెప్పు. మొదట్నించి చెప్పు. ఎన్ని రోజులు చేశావు, ఏ చెక్క, ఆయన వచ్చి ఏమన్నాడు, అంతా. ఒక్కటి కూడా వదలమాక."

చెప్పాను. మట్టిముద్ద దగ్గర నుంచి చెప్పాను. మొదటి పిడి తిరిగిపోవటం, చిలకముక్కు వంపు, నాయనమ్మ మాట, రెండు చీలలు, తుమ్మమొద్దు, కల్లంలో నేను చూసింది ఆయన చేతినని కూడా చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని, నేల వంక చూస్తూ వింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక తల ఎత్తి అడిగింది.

"అది చేసేటప్పుడు సంతోషంగా ఉన్నావా?"

వేరే జవాబులు నాలుగైదు నాలుక చివర ఉన్నాయి. నలభై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకున్నవే.

"ఉన్నాను," అన్నాను. "చానా."

ఆమె మెల్లగా తల ఊపింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ కట్టేసి గిన్నె దించుతున్న చప్పుడు వినపడింది.